గ్రేటా వాన్ ఫ్లీట్ తొలి ఆల్బమ్: నకలా, పాఠాంతరమా?

మారతహళ్ళి శ్రోత:
మిషిగన్ రాష్ట్రానికి చెందిన గ్రేటా వాన్ ఫ్లీట్ రాక్ బృందం 2018 అక్టోబరులో విడుదల చేసిన తొలి పూర్తి ఆల్బమ్ ‘యాంథెమ్ ఆఫ్ ది పీస్‌ఫుల్ ఆర్మీ’ని నెల రోజులుగా ఆఫీసు బస్సులో వింటున్నాను. ముగ్గురు అన్నదమ్ములు, వారి మిత్రుడైన డ్రమ్మరు కలిసి చేసిన ఈ సంగీతాన్ని పాతతరం బ్రిటిష్ రాక్ బృందం లెడ్ జెప్పెలిన్‌కు నకలని కొట్టిపారేసేవారే నా చుట్టూ ఎక్కువ. జెప్పెలిన్ గాయకుడు రాబర్ట్ ప్లాంటే వీరిని తమ తొలి ఆల్బమ్‌తో పోల్చారు. అయినా దీన్ని పక్కన పెట్టలేకపోతున్నాను. బెంగళూరులోని మనవాళ్ళకు ఇది ఎలా వినిపించిందో చెప్పండి.

జయనగర గిటారు:
నకలనడం తేలికేనండి, ఆ ధ్వనిని రాబట్టడం ఎంత కష్టమో వాయించి చూస్తే తెలుస్తుంది. అటువంటి గరుకుదనం వాల్వు ఆంప్లిఫయర్‌ను (గాజు గొట్టాలతో గిటారు ధ్వనిని పెంచే పాతకాలపు పరికరం) బాగా పెంచినప్పుడే వస్తుంది. వాల్వులు శక్తికి మించిన సంకేతాన్ని మోయలేక తరంగాల కొసలను అణిచివేస్తాయి గనుక స్వరం చిక్కబడుతుంది. నేను 15 వాట్ల పాత వాల్వు ఆంప్లిఫయర్ ఒకటి కొన్నాను. ధ్వని పెంచే మీటను మూడు మీద ఉంచితే గిటారు పలచగా పలికింది. ఏడుకు తిప్పేసరికి కిటికీ అద్దం అదిరి, కోరుకున్న ధ్వని వచ్చింది గాని, కింది ఇంట్లో పసిబిడ్డ నిద్ర లేచిందని తెలిసి ఆపేశాను. ఇప్పుడు ఆదివారాలు కలిసి వాయించుకోవడానికి గంటల లెక్కన అద్దెకిచ్చే జామ్ రూముకు వెళుతున్నాను. జెప్పెలిన్ తొలి ఆల్బమ్ 1968లో లండన్‌లోని ఒలింపిక్ స్టూడియోలో సుమారు 36 గంటల పనితో పూర్తయింది. అంత తక్కువ సమయంలో ముగించాలంటే కలిసి వాయించడంలో ఎంత పొందిక ఉండాలో జామ్ రూములో నిలబడ్డాకే నాకు అర్థమైంది.

మల్లేశ్వరం ఆడపడుచు:
మా నాన్నగారు ఎనభైలలో బ్రిగేడ్ రోడ్డులో కొన్న జెప్పెలిన్ క్యాసెట్లు ఇంకా మా ఇంట్లో ఉన్నాయి. పేరు చెప్పకుండా ఈ ఆల్బమ్ పెడితే, కళ్ళు మూసుకుని విని, “ఇది నేను వినని జెప్పెలిన్ పాటా అమ్మా?” అని అడిగారు. కర్ణాటక సంగీతం నేర్పే మా అమ్మ, గురువుగారి పాఠాంతరాన్ని, అంటే ఆయన నేర్పిన బాణీని, ఉన్నదున్నట్టు నిలబెట్టే శిష్యుణ్ణి మనం మెచ్చుకుంటాం కదా, వీళ్ళను ఎందుకు తప్పుపట్టాలని వాదించింది. ఆ మాట న్యాయమే. కానీ ఎంత చక్కని పాఠాంతరం ఉన్నా, ఆలాపనకు కూర్చున్నప్పుడు మనోధర్మం, అంటే అప్పటికప్పుడు పుట్టే సొంత కల్పన, కనబడాలి. ఈ బృందం గాయకుడు జోష్ దాదాపు ప్రతి పాటలోనూ తారస్థాయికే ఎగబాకుతాడు. ప్లాంట్ మాత్రం గుసగుసదాకా దిగివచ్చి, అక్కడి నుంచి లేచేవారు. ఆ దిగుడు లేకపోవడం వల్ల సగం ఆల్బమ్ అయ్యేసరికి నాకు అలసట కలుగుతోంది.

కోరమంగళ రికార్డులు:
ఈ ఆల్బమ్ రికార్డును తెప్పించుకునేవారికి ఒక మాట. అమెరికా సంగీత పురస్కారం గ్రామీ అందుకున్న ‘ఫ్రమ్ ది ఫైర్స్’ ఇది కాదు, అది దీనికి ముందు 2017లో వచ్చిన ఎనిమిది పాటల రికార్డు. నాకు మొదట వచ్చిన ఎల్పీ (పెద్ద గ్రామఫోన్ రికార్డు) అంచు వంగి ఉంది. ప్లేయరు ముల్లు చుట్టు చుట్టుకూ లేచి పడుతూ, కీబోర్డు దీర్ఘస్వరాలను వణికించింది. అమ్మినవారు రెండు వారాలకు మార్చి ఇచ్చారు. పొట్లం విప్పగానే రికార్డును బల్లకు సమంగా పెట్టి, అంచును కంటికి ఎదురుగా చూసుకోండి.

మారతహళ్ళి శ్రోత:
జయనగరం వారూ, ఆ జామ్ రూములో బేస్ వాయించేవారికి చోటుంటే చెప్పండి, నేను వస్తాను. మల్లేశ్వరం అక్కయ్యగారూ, మీరు చెప్పిన దిగుడు కోసం నిన్న వెతికాను. మొదటి పాట ఆరంభంలో, డ్రమ్స్ అందుకోకముందు, కీబోర్డు మీద జోష్ గొంతు నిదానంగా నడిచే ఆ కాసేపు నాకు అది దొరికింది.