ఫెన్‌వే పార్క్‌లో అవతలి జట్టు అభిమానులు ఎటువైపు కూర్చోవాలి?

ప్రశ్న:
సియాటిల్‌లో ఉంటున్న మేము ఈ వేసవిలో నాలుగు రోజుల కోసం బోస్టన్ వెళ్తున్నాము. అదే వారంలో మా ఊరి బేస్‌బాల్ జట్టు మారినర్స్, బోస్టన్ జట్టు రెడ్ సాక్స్‌తో వాళ్ల మైదానం ఫెన్‌వే పార్క్‌లో మూడు గేములు ఆడుతోందని తెలిసినప్పటి నుంచి మా పదేళ్ల అబ్బాయికి కాలు నిలవడం లేదు. మన జట్టుకు దగ్గరగా కూర్చోవాలంటే ఏ వైపు టికెట్లు కొనాలి? వాడు మారినర్స్ జెర్సీ వేసుకుని వస్తే ఇబ్బంది ఏమైనా ఉంటుందా?

మొదటి జవాబు:
ఫెన్‌వేలో రెడ్ సాక్స్ డగౌట్ (ఆటగాళ్లు కూర్చునే చోటు) ఫస్ట్ బేస్ వైపు, అంటే బ్యాటర్ వెనక నుంచి చూస్తే కుడివైపు, వచ్చిన జట్టు డగౌట్ థర్డ్ బేస్ వైపు, అంటే ఎడమవైపు ఉంటాయి కాబట్టి మీరు థర్డ్ బేస్ వైపే తీసుకోండి. సాయంత్రం ఆటలో సూర్యుడు ఆ స్టాండు వెనక్కే దిగుతాడు. రైట్ ఫీల్డ్‌లో (కుడివైపు దూరపు అంచున) కూర్చున్నవాళ్లు మాత్రం చాలాసేపు కళ్లకు చెయ్యి అడ్డం పెట్టుకోవలసి వస్తుంది. అయితే ధర తక్కువగా ఉంది కదా అని గ్రాండ్‌స్టాండ్ (పైకప్పు కింది సీట్ల) టికెట్ తొందరపడి కొనకండి. అది 1912లో తెరిచిన మైదానం. పైకప్పును మోసే స్తంభాలు ఇప్పటికీ సీట్ల మధ్యే నిలబడి ఉన్నాయి. నేను మొదటిసారి వెళ్లినప్పుడు, టికెట్లు తిరిగి అమ్మే ఒక సైట్‌లో కొన్న సీటు సరిగ్గా అలాంటి స్తంభం వెనక పడింది. ఎడమకు వంగితే బంతి విసిరే పిచర్ కనిపించేవాడు, కుడికి వంగితే బ్యాటర్ కనిపించేవాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌లలో ఇద్దరినీ ఒకేసారి చూసిన పాపాన పోలేదు. చూపుకు అడ్డం ఉందని టికెట్ వివరాల్లో ఎక్కడైనా రాసి ఉందేమో చదివాకే డబ్బు కట్టండి.

రెండవ జవాబు:
ఆటకు ముందు బ్యాటింగ్ సాధన మొదట ఆతిథ్య జట్టు, ఆ తర్వాత వచ్చిన జట్టు చేయడం ఆనవాయితీ. అందువల్ల గేట్లు తెరవగానే లోపలికి వెళ్తే, సాధన ఉన్న రోజున మీవాడికి కనిపించేది ఎక్కువగా మారినర్సే. లెఫ్ట్ ఫీల్డ్‌లో గ్రీన్ మాన్‌స్టర్ అనే 37 అడుగుల గోడను కూడా అప్పుడే తీరిగ్గా చూపించండి. వేరే మైదానంలో తేలిగ్గా క్యాచ్ అయ్యే ఎత్తైన బంతి ఇక్కడ గోడకు తగిలి డబుల్ (బ్యాటర్ రెండో బేస్ దాకా చేరే దెబ్బ) అవుతుంది. వేరే చోట హోమ్ రన్ (కంచె దాటి వెళ్లే దెబ్బ) కావలసిన, తక్కువ ఎత్తులో నేరుగా దూసుకెళ్లే దెబ్బ ఒక్కోసారి సింగిల్‌తో (ఒక్క బేస్‌తో) సరిపెట్టుకుంటుంది. జెర్సీ గురించి బెంగ వద్దు. న్యూయార్క్ జట్టు యాంకీస్ జెర్సీ అయితే వేరే మాట గానీ, సియాటిల్ వాళ్లంటే అక్కడ పాత పగలేమీ లేవు. పిల్లవాణ్ని చూసి నాలుగు చతుర్లు ఆడి ఊరుకుంటారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ ధన్యవాదాలు. ఊరంతా చూసుకున్నాక చివరి రోజు గేమ్‌కు వెళ్దామని అనుకుంటున్నాము. సరైన ఆలోచనేనా?

మూడవ జవాబు:
కాదండీ, మొదటి రోజుదే కొనండి. ఫెన్‌వేకు మూసుకునే పైకప్పు లేదు. సియాటిల్‌లో వానొస్తే కప్పు జరిపి ఆట సాగిస్తారు గనుక ఈ సంగతి మీకు తట్టి ఉండదు. రెండు జట్లూ అమెరికన్ లీగ్‌లోనే ఉన్నా అందులోని విభాగాలు (డివిజన్లు) వేరు కావడంతో మారినర్స్ సాధారణంగా ఏడాదికి ఒక్క సిరీస్‌కే బోస్టన్ వస్తారు. కాబట్టి మొదటి రోజు గేమ్ వానకు ఆగిపోతే, వీలైనంతవరకు మర్నాడో ఆ మర్నాడో రెండు గేములు కలిపి ఆడించేస్తారు. చివరి రోజుది ఆగిపోతే, అది మళ్లీ జరిగేనాటికి మీరు ఇంట్లో ఉంటారు, టికెట్ మీ ఫోన్‌లో ఉంటుంది.