అమ్మకు, బాపుకు వరంగల్ చూపించడానికి రెండు రోజులు సరిపోతాయా?

ప్రశ్న: మంచిర్యాల వాసి

నమస్కారం. వరంగల్‌కు ఇప్పటివరకు ఎన్నిసార్లు వెళ్లామో లెక్క లేదు గానీ, వెళ్లిన ప్రతిసారీ ఆసుపత్రి పనో, పెళ్లి బట్టలు కొనడమో, ఎవరికో పరీక్ష రాయించడమో తప్ప ఊరు చూసింది లేదు. ఈ కార్తీకంలో అమ్మను, బాపును, ఏడో తరగతి చదివే అక్క కొడుకును వెంటబెట్టుకొని, కేవలం చూడటానికే వెళ్దామనుకుంటున్నాం. ఒక ఆదివారం, ఆ మరునాటి సోమవారం అనుకున్నాం. వేయిస్తంభాల గుడి, భద్రకాళి గుడి, ఖిలా (వరంగల్ కోట), పద్మాక్షి గుట్ట, రామప్ప గుడి, లక్నవరం చెరువు, బొగత జలపాతం అని కాగితం మీద రాసుకున్నాను. అమ్మకు మోకాళ్ల నొప్పులు. చదును నేల మీద నడవగలదు, మెట్లంటే జంకుతుంది. బాపు సింగరేణిలో పనిచేసి రిటైరయ్యారు. దండం పెట్టుకోవడం కన్నా, ఇంత రాయిని పైకెలా లేపారన్నదే ఆయనకు ముందు కావాలి. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి, ఏది ఏ పూట చూడాలి అన్నది అక్కడివారు చెప్పగలరా?

జవాబు: హన్మకొండ నివాసి

ముందుగా బొగత మీద గీత కొట్టేయండి. వాజేడు దగ్గరి ఆ జలపాతానికి వెళ్లి రావడానికే ఒక రోజంతా పోతుంది, పైగా అది వానాకాలంలో చూడవలసిన చోటు. పద్మాక్షి గుట్టకు మెట్లెక్కాలి కాబట్టి అమ్మగారికి కష్టం.

రెండో మాట, రోజులు మార్చుకోండి. కార్తీక సోమవారం నాడు దీపాలు వెలిగించడానికి వేయిస్తంభాల గుడికి ఎంత జనం వస్తారంటే, స్తంభం మీది చెక్కడం చూడటం అటుంచి, స్తంభం పక్కన నిలబడే జాగా కూడా దొరకదు. దర్శనమే ముఖ్యమైతే ఆ రోజే రండి. శిల్పం చూడాలనుకుంటే మాత్రం, పిల్లవాడి బడికి కూడా ఇబ్బంది లేకుండా, రెండో శనివారం, ఆ మరునాటి ఆదివారం పెట్టుకోండి.

మీ వైపు నుంచి సికింద్రాబాద్ పోయే రైళ్లు వరంగల్ స్టేషన్‌కు రావు కాబట్టి కాజీపేటలో దిగాలి. అది నష్టమేమీ కాదు, కాజీపేట నుంచి కూడా హన్మకొండ దగ్గరే. బస కూడా హన్మకొండ బస్టాండ్ చుట్టుపక్కల చూసుకుంటే, మర్నాడు ములుగు రోడ్డు పట్టడం సులువవుతుంది.

మొదటి రోజు పొద్దున్నే, రాయి వేడెక్కకముందే, వేయిస్తంభాల గుడికి వెళ్లండి. ఇది 1163లో రుద్రదేవుడు కట్టించిన త్రికూటాలయం. శివుడికి, విష్ణువుకు, సూర్యుడికి మూడు గర్భగుళ్లు ఉంటాయి. నున్నగా అద్దంలా తీర్చిన ఆ నల్లరాతి నందిని చూడకుండా రాకండి. చాలా ఏళ్లు విప్పి పెట్టి ఉన్న కల్యాణ మండపాన్ని మళ్లీ నిలబెట్టి 2024 మార్చిలో తెరిచారు కాబట్టి, చిన్నప్పుడు చూశామనేవారు కూడా ఇప్పుడు మరోసారి చూడవచ్చు. నిజంగా వెయ్యి స్తంభాలున్నాయా అని మీ పిల్లవాడు తప్పక లెక్క మొదలుపెడతాడు. పెట్టనివ్వండి, ఆ వంకతోనైనా ఒక్కో స్తంభం దగ్గర ఆగుతాడు. మధ్యాహ్నం భోజనం చేసి పెద్దవాళ్లు ఒక కునుకు తీశాక, మూడున్నర ప్రాంతంలో ఖిలాకు బయలుదేరండి. తిరిగి వచ్చేటప్పుడు సంధ్యవేళకు భద్రకాళి గుడికి చేరితే, చెరువు మీది గాలికి అమ్మగారి అలసట కూడా తీరుతుంది.

జవాబు: పాత సోషల్ మాస్టారు

పై వారు చెప్పిన క్రమం బాగుంది గానీ, ఖిలాను ఒక్క వాక్యంలో దాటేశారు. నా లెక్కలో ఈ ఊళ్లో ఎక్కువసేపు ఉండవలసింది అక్కడే.

ఖిలా వరంగల్ అంటే గోల్కొండలాగా గుట్ట మీది కట్టడమని ఊహించుకొని వచ్చినవారు, ఆటో ఇళ్ల మధ్య నుంచి, పొలాల పక్క నుంచి పోతుంటే, కోట ఎప్పుడొస్తుందని అడుగుతారు. అప్పటికే వాళ్లు కోటలో ఉంటారు. బయట మట్టికోట, దాని లోపల రాతికోట, ఆ లోపల ఈనాటికీ జనం కాపురమున్న ఊరు, ఆ ఊరి నడుమ స్వయంభూ దేవుడి గుడి శిథిలాలు, వాటికి నాలుగు దిక్కులా నాలుగు కీర్తి తోరణాలు. గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను ఆయన కూతురు రుద్రమదేవి పూర్తి చేసింది. 1323లో ఢిల్లీ సైన్యానికి ఓరుగల్లు లొంగిపోయాక నడుమనున్న గుడి కూలింది గానీ తోరణాలు మాత్రం నిలిచాయి.

మీ పిల్లవాడిని ఒక తోరణం కింద నిలబెట్టి, తెలంగాణ రాజముద్రలో చూసిన బొమ్మ ఇదేనా అని అడగండి. ఆ తర్వాత మీ బాపుగారిని నేల మీద వరుసగా పేర్చిన శకలాల దగ్గరికి తీసుకెళ్లండి. తోరణం మీద తల పైకెత్తి చూడవలసిన హంసలు, తామరలు అక్కడ మోకాలి ఎత్తులో దొరుకుతాయి. ఉలి ఎక్కడ ఆగిందో, ఏ అంచు ఎట్లా తిరిగిందో వంగి చూడవచ్చు. రాళ్లను ఒకదాని మీద ఒకటి ఎలా కూర్చోబెట్టారని ఆయన అడిగే ప్రశ్నకు, నిలబడి ఉన్న తోరణం కన్నా పడిపోయిన రాయే బాగా జవాబు చెబుతుంది. పక్కనే ఖుష్ మహల్ ఉంది. లోపలికి వాలినట్టుండే గోడలు, పెద్ద కమానులతో, కాకతీయుల తర్వాత వచ్చినవారి కట్టడం అది. రెంటికీ మధ్య నడక కొద్ది నిమిషాలే గానీ, కట్టే పద్ధతి పూర్తిగా మారిపోవడం కంటికి కనిపిస్తుంది. ఇక్కడంతా చదును నేలే. ఏకశిల గుట్ట ఎక్కే పని మీరు, పిల్లవాడు చూసుకోండి, పెద్దవాళ్లు కింద కూర్చుంటారు.

జవాబు: కరీంనగర్ ప్రయాణికుడు

రెండో రోజు గురించి నా అనుభవం చెబుతాను. పోయినేడు మేం మాట్లాడుకున్న కారు డ్రైవరు, ఒకే రోజులో ఐదు చోట్లు చూపిస్తానని ఒప్పుకొని, ముందు లక్నవరం తీసుకెళ్లి, దారిలో తనకు తెలిసిన హోటల్ దగ్గర గంటన్నర ఆపి, రామప్పకు చేర్చేసరికి పొద్దు గూట్లో పడింది. మండపంలో పైకప్పు మీది చెక్కడాన్ని ఫోన్ లైటు వేసి చూడవలసి వచ్చింది, మదనికలనే నాట్యకత్తెల శిల్పాలైతే నీడల్లా మిగిలాయి.

గుడి ముఖం తూర్పుకు ఉంది కాబట్టి రామప్పను పొద్దునే చూడాలి. హన్మకొండ నుంచి దాదాపు 70 కిలోమీటర్లు. ఆరున్నరకు బయలుదేరితే, ములుగు దాటి జంగాలపల్లి దగ్గర మళ్లి, ఎండ ముదరకముందే గుడి ఉన్న పాలంపేట చేరవచ్చు. గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో కట్టించిన ఈ గుడికి 2021లో ప్రపంచ వారసత్వ గుర్తింపు వచ్చింది. మీ బాపుగారికి కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి: ఇసుక నింపిన పునాది, బరువు తగ్గించడానికి శిఖరానికి వాడిన, నీళ్లలో తేలే ఇటుకలు, దారం దూరేంత సన్నని రంధ్రాలు తొలిచిన నల్లరాతి స్తంభాలు. గుడి దాదాపు ఆరడుగుల ఎత్తు జగతి (రాతి అరుగు) మీద ఉంటుంది కాబట్టి, ఆ కొద్ది మెట్లకు అమ్మగారికి చేయందించాలి. పైకెక్కాక చుట్టూ తిరగడం తేలికే. పక్కనే రామప్ప చెరువు ఉండగా నీళ్ల కోసం లక్నవరం దాకా పోవడం నాకైతే అనవసరమనిపిస్తుంది. అయితే ఊగే వంతెన మీద నడవాలని పిల్లవాడు పట్టుబడితే, రామప్ప తర్వాతే వెళ్లండి.

జవాబు: మంచిర్యాల వాసి

అందరికీ ధన్యవాదాలు. రెండో శనివారానికి మార్చుకున్నాం, బొగత, పద్మాక్షి గుట్ట తీసేశాం. లక్నవరం సంగతి మాత్రం అక్క కొడుకు ముందు ఇంకా ఎత్తలేదు. ఒక సందేహం: గుళ్లలో చెప్పులు విప్పి నడిచేటప్పుడు రాయి అమ్మ కాళ్లకు కాలుతుందేమో. సాక్సులు వేసుకోనిస్తారా? ఇంకొకటి, అమ్మ జంపఖానా కొనాలంటోంది.

జవాబు: హన్మకొండ నివాసి

సాక్సులతో తిరిగేవారిని నేను చాలామందిని చూశాను, ఎవరూ ఏమీ అనలేదు. నూలువి రెండు జతలు పెట్టుకోండి, ఒక జత తడిస్తే ఇంకొకటి ఉంటుంది. జంపఖానాలకు కొత్తవాడకు వెళ్లండి; వరంగల్ జంపఖానాకు 2018లో భౌగోళిక గుర్తింపు (జీఐ) వచ్చింది, అక్కడ నేసే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఖిలాకు పోయేటప్పుడు కాకుండా ఆదివారం రామప్ప నుంచి తిరిగొచ్చాక కొనండి, లేకపోతే ఆ బరువు రెండు రోజులూ మీరే మోయాలి.