కరెంటు వాడకంతో అనధికార ఆర్థిక వ్యవస్థను కొలిచేటప్పుడు ఎల్‌ఈడీల పొదుపును ఎలా సరిచేయాలి?

అనధికార ఆర్థిక వ్యవస్థ, అంటే ప్రభుత్వ లెక్కల్లోకి రాని పనులూ వ్యాపారాల మీద పీహెచ్‌డీ చేస్తున్నాను. ఆర్థికవేత్తలు కాఫ్‌మన్, కాలిబెర్డా 1996లో వాడిన పద్ధతి తెలిసినవాళ్లు కాస్త సాయం చేయగలరా? కరెంటు వాడకం ఎంత పెరిగితే మొత్తం ఆర్థిక కార్యకలాపాలు దాదాపు అంతే పెరిగాయనుకుని, అందులోంచి అధికారిక జీడీపీ పెరుగుదలను తీసేస్తారు. మిగిలింది లెక్కకెక్కని భాగంలో పెరుగుదల. వినడానికి బాగానే ఉంది. కానీ 60 వాట్ల బల్బు తీసేసి 9 వాట్ల ఎల్‌ఈడీ కింద కుట్టుపని చేసే మనిషి అన్నే బట్టలు కుడతారు, మీటరు మాత్రం నెమ్మదిగా తిరుగుతుంది. తోపుడు బండికైతే అసలు మీటరే ఉండదు!

ఇళ్ల వాడకాన్ని, పరిశ్రమల వాడకాన్ని విడదీసి వేర్వేరు గుణకాలు (కరెంటు వాడకం ఇంత పెరిగితే కార్యకలాపాలు ఎంత పెరిగినట్టో చెప్పే అంకెలు) పెడితే చాలా? లేక ఇంటింటి సర్వే తప్పదా?