ఘాతాంకాలు వేరైనప్పుడు తీసివేత ఎలా నేర్పుతున్నారు?

ఒంగోలు, 8వ తరగతి పాప తల్లి:
మా అమ్మాయి ప్రామాణిక రూపంలో ఉన్న సంఖ్యలను బాగానే గుణిస్తుంది, భాగిస్తుంది. తీసివేతలో మాత్రం ఘాతాంకాలను కూడా తీసివేసి, 5.2 × 10⁶ నుండి 4 × 10⁵ పోతే 1.2 × 10¹ అని రాస్తోంది. ఇది తప్పని చెప్పగలుగుతున్నాను గానీ, ఎందుకు తప్పో దానికి నాటుకునేలా చెప్పలేకపోతున్నాను.

కావలి, లెక్కల ఉపాధ్యాయుడు:
అమ్మా, ముందు ఆ సంఖ్యలను నోటితో చదివించండి. 10⁵ అంటే లక్ష కాబట్టి మొదటిది 52 లక్షలు, రెండోది 4 లక్షలు. పోగా మిగిలేది 48 లక్షలని పాపే చెబుతుంది. రెండింటినీ లక్షల్లోకి మార్చడమంటే ఘాతాంకాలను సమానం చేయడమేనని అప్పుడు చూపించి, 48 × 10⁵ ను 4.8 × 10⁶ గా రాయించండి.

నెల్లూరు, ఇంటర్ ఫిజిక్స్ అధ్యాపకురాలు:
సార్ చెప్పినట్లు చిన్న ఘాతాంకానికి దించడం మొదట్లో సులువే. పై తరగతులకు వెళ్లేకొద్దీ పెద్ద ఘాతాంకానికి ఎత్తడమే మేలని నా అభిప్రాయం. సూర్యుడు మనకు సగటున 1.496 × 10⁸ కి.మీ., చంద్రుడు 3.84 × 10⁵ కి.మీ. దూరంలో ఉన్నారు. అమావాస్య నాడు వారిద్దరి మధ్య దూరం స్థూలంగా తెలియాలంటే, రెండోదాన్ని 0.00384 × 10⁸ గా మార్చి తీసివేస్తే 1.49216 × 10⁸ వస్తుంది. అయితే మొదటి సంఖ్య మూడు దశాంశ స్థానాల వరకే తెలుసు కనుక 1.492 × 10⁸ కి.మీ. దగ్గరే ఆగాలి. ఏ అంకె ఏ స్థానం కింద పడుతుందో పెద్ద ఘాతాంకంతో రాసినప్పుడే కంటికి కనిపిస్తుంది.

ఆత్మకూరు, డిగ్రీ విద్యార్థి:
ఘాతాంకాలు సమానంగా ఉన్నా ఒక చిక్కుంది మేడమ్. మా సోమశిల జలాశయం సామర్థ్యం 78 టీఎంసీలు, కండలేరుది 68. ఘనపు మీటర్లలో సుమారు 2.21 × 10⁹, 1.93 × 10⁹. తేడా 0.28 × 10⁹, అంటే 2.8 × 10⁸. మూడేసి సార్థక అంకెలున్న (అంటే నమ్మదగిన అంకెలున్న) సంఖ్యల నుండి రెండే మిగిలాయి. చివర సున్నా చేర్చి 2.80 అని రాస్తే, మన దగ్గర లేని కచ్చితత్వాన్ని ఉన్నట్లు చూపినవాళ్లమవుతాము.

ఒంగోలు, 8వ తరగతి పాప తల్లి:
లక్షల్లో చదివించగానే అర్థమైంది సార్. రుణ ఘాతాంకాలు వస్తే?

కావలి, లెక్కల ఉపాధ్యాయుడు:
పద్ధతి అదేనమ్మా. 10⁻³ కంటే 10⁻⁴ చిన్నదని మాత్రం ముందే గట్టిగా చెప్పి, 5.2 × 10⁻³ నుండి 4 × 10⁻⁴ తీసివేయించండి. 52 × 10⁻⁴ లో 4 × 10⁻⁴ పోగా 48 × 10⁻⁴, అంటే 4.8 × 10⁻³ రావాలి.