ఆపరేటర్ల ట్రైనింగ్‌కు పెట్టిన పైసలు తిరిగొచ్చినయా, లెక్క ఎట్ల తియ్యాలె?

మిర్యాలగూడ_ఆఫీసు:
బాయిల్డ్ మిల్లు (వడ్లు ఉడకవెట్టి మర ఆడించేది). గంటకు 4 టన్నుల వడ్లు, 8 గంటల షిఫ్టు, రెండు బ్యాచులు. షెల్లర్ (పొట్టు తీసే మిషను), పాలిషర్ (తవుడు తీసేది) మీద ఒక బ్యాచుకు (8 మంది) రెండు రోజుల ట్రైనింగ్ ఇప్పించినం, రెండో బ్యాచుకు ఇంకా కాలేదు. ట్రైనర్ ఫీజు 40,000, తిండి, ప్రింటింగ్ కలిపి 6,000. ట్రైనింగ్ అయిన బ్యాచుకు నూక 9.0 శాతం నుంచి 7.4కు దిగింది. షిఫ్టుకు 21.76 టన్నుల బియ్యం (68 శాతం), బియ్యానికి నూకకు క్వింటాలు మీద తేడా 1,000 రూపాయలు, నెలకు 25 షిఫ్టులు వేస్తే నెలకు 87,040 మిగులు. ఏడాదికి 10,44,480, ఆర్‌ఓఐ (పెట్టిన ఖర్చు మీద మిగిలిన లాభం శాతం) 2,170 శాతం. సేటు చూసి నవ్వి కాయితం పక్కన పెట్టిండు. లెక్కల ఎక్కడ తేడా కొట్టింది?

నూకశాతం:
ఫార్ములా కరెక్టే: లాభంల నుంచి ఖర్చు తీసేసి, మళ్ల ఖర్చుతోనే భాగించి, వందతో గుణించాలె. తేడా అంతా అండ్ల వేసిన అంకెలల్ల ఉంది. ముందుగాల ఇది చెప్పండి: అవే రోజులల్ల, అవే వడ్లకు రెండో బ్యాచు నూక ఎంత?

మిర్యాలగూడ_ఆఫీసు:
9.1 ఉండె, ఇప్పుడు 8.5.

నూకశాతం:
మరి ట్రైనింగ్ లేనోళ్లకు కూడ 0.6 తగ్గింది కద. వడ్లు మంచియి వచ్చి ఉండొచ్చు, షెల్లర్ల రబ్బర్ రోల్స్ కొత్తయి పడి ఉండొచ్చు, డ్రయర్ కాడ ఎవరో సక్కగ చూసుకుంటుండొచ్చు. అది రెండు బ్యాచులకూ వచ్చిన లాభం. 1.6ల నుంచి 0.6 తీసేస్తే ట్రైనింగ్ పేరు మీద మిగిలేది 1.0 పాయింటు.

అది కూడ నమ్మాలంటే కొన్ని చూసుకోవాలె. షిఫ్టును కాదు, బ్యాచును పట్టుకొని లెక్క రాయండి, ఎందుకంటే వారానికోసారి పగలు రాత్రి మారుతరు. శాంపిల్ గ్రేడర్‌కు (నూకను వేరుచేసే మిషను) ముందే, పాలిషర్ అవుట్‌లెట్ కాడ తియ్యాలె. గ్రేడర్ దాటినంక తీస్తే నూక ఎప్పుడూ తక్కువే కనబడుతది. రెండు గంటలకోసారి 100 గ్రాములు, నిండు గింజల ముప్పావు కన్న చిన్న ముక్క నూక కింద లెక్క. ఏరేటోళ్లకు ఏ బ్యాచు శాంపిలో తెల్వొద్దు.

వానాకాలం వడ్ల అంకెతోని యాసంగి అంకెను మాత్రం పోల్చకండి. ఏప్రిల్, మే ఎండకు యాసంగి గింజ లోపల్నే పగుళ్లు పడుతది, ట్రైనింగ్ ఎంత మంచిగున్నా నూక పెరుగుతది. బాయిల్డ్‌ల ఆ తేడా తగ్గుతది గని ఉడకవెట్టినంక ఎండవెట్టుడు తొందరవడితే మళ్ల అదే కథ. 16–18 శాతం తేమ కాడ ఆపి, కొన్ని గంటలు ఊరనిచ్చి, అప్పుడు 14కు దింపాలె. ఒక్కపారే లాగితే గింజ చీలుతది, తిట్లు మాత్రం షెల్లర్ ఆపరేటర్‌కు.

ఇంకోటి ఉల్టా తిరుగుతది. నేర్చుకున్నోళ్లు రోల్ గ్యాప్ (రెండు రోల్స్ నడుమ సందు) సరిజేసి పోతే తర్వాత బ్యాచు దాన్నే నడుపుతది. అప్పుడు మీ 0.6ల కూడ కొంత ట్రైనింగ్ పుణ్యమే. షిఫ్టు మారేటప్పుడు గ్యాప్ ఎంతుందో, ఒక్క పాస్‌ల పొట్టు ఎంత శాతం ఊడుతుందో బుక్కుల రాయిస్తే తెలుస్తది. 85–90 శాతం ఊడితే చాలు, మిగిలింది సెపరేటర్ (పొట్టు ఊడని గింజలను వేరుచేసేది) నుంచి వాపస్ వస్తది. నూటికి నూరు ఊడాలని గ్యాప్ బిగిస్తే నూక పెరుగుతది, రోల్ కూడ తొందరగ అరుగుతది.

సీఎంఆర్_లెక్కలు:
అసలు పెద్ద రంధ్రం ఎవ్వరూ అనలేదు. ఆ 25 షిఫ్టులల్ల సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్, సర్కారు వడ్లు ఆడించి బియ్యం అప్పజెప్పేది) ఎన్ని, సొంత మిల్లింగ్ ఎన్ని?

సీఎంఆర్‌ల బాయిల్డ్‌కు క్వింటాలు వడ్లకు 68 కిలోలు అప్పజెప్పాలె. నూక 16 శాతం దాక ఒప్పుకుంటూ వచ్చిన్రు (ఈ సీజన్ ఆర్డర్ ఓసారి చూసుకోండి). మీరు 9లనే ఉన్నరు. అది 8కి దిగితే సర్కారు పైస ఎక్కువ ఇయ్యదు. నూక తగ్గితే పైసలొచ్చేది సొంతంగ కొని అమ్మే బియ్యం మీదనే. సీఎంఆర్ షిఫ్టులల్ల చూడాల్సింది మొత్తం దిగుబడి, 68 మీద ఎంత మిగులుతుందని.

మిర్యాలగూడ_ఆఫీసు:
15 సీఎంఆర్, 10 సొంతం.

సీఎంఆర్_లెక్కలు:
ఇగ చూడండి. 1 పాయింటు అంటే షిఫ్టుకు 217.6 కిలోలు, 2,176 రూపాయలు. 10 షిఫ్టులకు నెలకు 21,760. ఏడాదంతా వెయ్యకండి, మనుషులు మారుతరు, చెప్పింది మరుస్తరు. నాలుగు నెలలే పట్టుకుంటే 87,040. మీరు ఒక్క నెలకు రాసుకున్న అంకె నాలుగు నెలలకు వచ్చింది!

ఖర్చుల కూడ రెండు మిస్సయినయ్. 8 మందికి రెండు రోజుల జీతం, మనిషికి 700 చొప్పున 11,200. మిల్లు ఆపి చెప్పించి ఉంటే పోయిన షిఫ్టు మిగులు, దాన్ని 9,000 అనుకుందాం. మొత్తం 66,200. ఆర్‌ఓఐ దాదాపు 31 శాతం. సేటు నవ్వడు.

పోలేపల్లి_ప్యాకింగ్:
మా వైపు ఫార్మా యూనిట్లలో ఎక్కువగా జరిగే పొరపాటు వేరు. బ్లిస్టర్ లైన్‌లో (మాత్రలను స్ట్రిప్పుల్లో ప్యాక్ చేసే లైన్) ఒక ప్రొడక్టు నుంచి ఇంకో ప్రొడక్టుకు మారే టైం 90 నిమిషాల నుంచి 70కి తగ్గిందని, ఆ 20 నిమిషాలను జీతంతో గుణించి లాభం రాస్తారు. జీతం తగ్గలేదు కదా. ఆ టైంలో అదనంగా ఇంకో బ్యాచ్ మందులు పడితేనో, ఓవర్‌టైం బిల్లు తగ్గితేనో అది డబ్బు. లేకపోతే "టైం మిగిలింది" అని విడిగా రాయాలి.

ఇలా పోల్చడానికి రెండో బ్యాచ్ లేనివాళ్లకు ట్రైనింగ్ ఆర్‌ఓఐ లెక్కల నిపుణుడు జాక్ ఫిలిప్స్ చెప్పిన పద్ధతి ఒకటుంది. ఈ మెరుగులో ట్రైనింగ్ వాటా ఎంత, ఆ మాట మీద మీకు నమ్మకం ఎంత అని సూపర్‌వైజర్‌ను అడగాలి. 60 శాతం, 70 శాతం అంటే రెండూ గుణించి 42 శాతమే తీసుకోవాలి. గట్టి రుజువేం కాదు గానీ, అంతా మన ఖాతాలో వేసుకోవడం కంటే నయం. బాయిలర్ అటెండెంట్ సర్టిఫికెట్, సేఫ్టీ ట్రైనింగ్ మాత్రం ఈ లెక్కలోకి లాగకండి. అవి చట్టం అడిగేవి.

మిర్యాలగూడ_ఆఫీసు:
రెండో బ్యాచుకు ఎప్పుడు ఇప్పియ్యాలె? ఇప్పుడే ఇప్పిస్తే పోల్చుకోనీకె ఎవరూ మిగలరు.

నూకశాతం:
ఇంకో మూడు వారాలు ఆపి, ఇదే లాట్ వడ్లు నడిచేటప్పుడే ఇప్పియ్యండి. ట్రైనింగ్ అయినంక వాళ్ల 8.5 కూడ 7.5 దగ్గరికి దిగితే మన 1.0 నిలబడ్డట్టు. దిగకుంటే ఆ తేడా ట్రైనింగ్‌ది కాదు, మొదటి బ్యాచు ఫోర్‌మెన్‌ది అయి ఉంటది. ఈ లోపల రోల్స్ మారిస్తే తారీఖు రాసిపెట్టుకోండి, ఆ వారం అంకెలు రెండు బ్యాచులకూ లెక్కల నుంచి తీసెయ్యండి.