డిస్ట్రాయర్‌ని ‘విధ్వంసక నౌక’ అనడం సరైనదేనా?

అందరికీ నమస్కారం. 2021 నవంబర్‌లో ఐఎన్ఎస్ విశాఖపట్నం అనే డిస్ట్రాయర్ రకం యుద్ధనౌక మన నౌకాదళంలో చేరినప్పటి నుంచీ అడుగుదామనుకుంటున్నా. వార్తల్లో దాన్ని ‘విధ్వంసక నౌక’ అంటుంటారు, మా ఊరి పేరు పక్కన విధ్వంసం అన్న మాట చూసినప్పుడల్లా మనసుకి గుచ్చుకుంటుంది. యుద్ధనౌకలన్నీ పేల్చేవే కదా, మరి దీనికొక్కదానికే ఆ పేరెందుకు? ఫ్రిగేట్, కార్వెట్ లాంటి మిగతా రకాల యుద్ధనౌకల పేర్లని అలాగే ఉంచేసి దీన్ని మాత్రం తెలుగు చేశారు. తెలిసినవాళ్లు కాస్త వివరంగా చెప్పండి.

▪ చెప్తానండి, కొంచెం పెద్దదవుతుంది. అది సగం రాలిపోయిన పేరు. పూర్తి పేరు ‘టార్పెడో బోట్ డిస్ట్రాయర్’, అంటే టార్పెడో పడవల పని పట్టే ఓడ. దేన్ని నాశనం చేస్తుందో చెప్పే ముక్క వాడుకలో పోయింది, మిగిలిన ముక్కని మనవాళ్లు అనువాదం చేశారు.

1866లో ఫియూమె రేవులో, ఇప్పుడది క్రొయేషియాలో రియెకా, రాబర్ట్ వైట్‌హెడ్ అనే ఇంగ్లీషు ఇంజినీరు తనంతట తానే నీళ్లలో పోయి ఓడకి తగిలి పేలే టార్పెడో తయారుచేశాడు. అంతకుముందు పెద్ద ఓడని ముంచాలంటే అంతే పెద్ద ఓడ, అంతే పెద్ద ఫిరంగులు ఉండాలి. ఇది వచ్చాక ఒక చిన్న ఆవిరి పడవ చీకట్లో దగ్గరికొచ్చి టార్పెడో వదిలితే చాలు, ఏళ్ల తరబడి కట్టిన ఇనప ఓడ నీళ్ల పాలే. 1891లో చిలీ అంతర్యుద్ధంలో బ్లాంకో ఎన్‌కలాడా అనే ఇనప కవచం ఓడ టార్పెడో దెబ్బకే మునిగింది. ఫ్రాన్స్‌లో కొందరు నౌకాదళం వాళ్లయితే ఇక భారీ ఓడలు దండగ, ఈ చిన్నవే బోలెడు కట్టుకుందాం అని గట్టిగా వాదించారు.

పెద్ద ఓడల వాళ్లకి నిద్ర పట్టని రోజులవి. ఓడ చుట్టూ ఉక్కు వలలు వేలాడదీశారు, సెర్చిలైట్లు పెట్టారు, గబగబా పేలే చిన్న తుపాకులు బిగించారు, అయినా చాల్లేదు. ఎందుకంటే ఆ పడవలు మీదకి రాకముందే ఎదురెళ్లి ఆపాలి, అలా ఆపడానికి బ్రిటన్ వాళ్లు మొదట కట్టిన ఓడలు ఆ పడవలకంటే నెమ్మదిగా పోయేవి. స్పెయిన్ వాళ్లు ఫెర్నాందో వియామిల్ అనే అధికారి ఆలోచన మీద 1886లో ఒక ఓడని నీళ్లలోకి దింపి దానికి ‘దెస్త్రుక్తోర్’ అనే పేరే పెట్టారు. బ్రిటన్ 1893లో హావొక్ అనే ఓడ దింపింది. బరువు సుమారు 240 టన్నులు, వేగం 26 నాట్లు, అంటే గంటకి దాదాపు 48 కిలోమీటర్లు, ఆ రోజుల్లో అది మామూలు వేగం కాదు. సన్నటి రేకు ఒళ్లు, లోపలంతా బాయిలర్లూ ఇంజన్లే.

దానికి టార్పెడో గొట్టాలు కూడా పెట్టారు, ఆ ఒక్క నిర్ణయంతో కథ మారిపోయింది. టార్పెడో పడవల్ని వేటాడే ఓడే ఆ పడవల పని కూడా చేసేస్తుంటే ఇక పడవ ఎందుకు? 1904 ఫిబ్రవరిలో చైనా తీరంలోని పోర్ట్ ఆర్థర్ రేవులో లంగరేసిన రష్యా ఓడల మీద రాత్రిపూట టార్పెడోలతో దాడి చేసింది జపాన్ డిస్ట్రాయర్లే. తర్వాత మొదటి ప్రపంచయుద్ధంలో జర్మనీ జలాంతర్గాముల నుంచి సరుకు ఓడల్ని కాపాడే పని దీని మీద పడింది, ఆ తర్వాత విమానాల నుంచి. అంటే చరిత్ర పొడుగునా దీని అసలు ఉద్యోగం కాపలా. ‘విధ్వంసక’ అనగానే మనకి ఊళ్లు తగలబెట్టినట్టు వినిపిస్తుంది, నా అభ్యంతరం అదే.

▪ వివరాలు చాలా బాగున్నాయి సార్, కానీ ఒప్పుకోలేకపోతున్నా. పుట్టినప్పటి అర్థాన్నే పట్టుకుని కూర్చుంటే ఏ మాటా నిలబడదు. నువ్వుల నెయ్యే నూనె అయింది, ఇవాళ కొబ్బరి నూనె అంటే ఎవరైనా తప్పంటారా? ‘విధ్వంసక నౌక’ కూడా ఇన్నేళ్లుగా వాడుకలో ఉంది, చదివేవాళ్లకి ఏ ఓడో తెలుస్తోంది. ఇంకేం కావాలి?

▪ నూనె సంగతి నిజమే మాస్టారూ, కానీ అది జనం నోట్లో నానుతూ పెరిగిన మాట, ఇదేమో డెస్క్ మీద కూర్చుని చేసిన అనువాదం. చదివేవాళ్లకి ఏ ఓడో తెలుస్తోందనడం కూడా నాకు అనుమానమే, పైన అడిగినావిడకి తెలియకే కదా అడిగారు. మిగతా భాషలవాళ్లు ఏం చేశారో చూడండి. ఇటలీ వాళ్లు ‘కాచ్చాతోర్పెదినియేరె’ అంటారు, టార్పెడో పడవల్ని వేటాడేది అని. ఫ్రెంచివాళ్లు ‘కోంత్ర్ తోర్పియర్’ అన్నారు, టార్పెడో పడవకి ఎదురు నిలిచేది. జపాన్ మాట ‘కుచికుకన్’, తరిమికొట్టే ఓడ. రష్యావాళ్ల ‘ఎస్మినెత్స్’లో అయితే నాశనం ఊసే లేదు, దళంతో పాటు వెళ్లే టార్పెడో ఓడ అని దాని అర్థం. నాకైతే ఇటలీ దారి నచ్చింది. 1890ల గురించి రాసేటప్పుడు ఒకసారి ‘టార్పెడో పడవల వేటనౌక’ అని రాసి, ఆ తర్వాత ‘వేటనౌక’ అంటే సరిపోతుంది. ఇవాళ్టి వార్తలకి డిస్ట్రాయర్ అనే రాయడం మేలు, ఎందుకంటే ఇప్పుడు ఆ పడవలూ లేవు, ఆ కొలతలూ లేవు. హావొక్ 240 టన్నులు, ఐఎన్ఎస్ విశాఖపట్నం సుమారు 7,400 టన్నులు.

▪ మరి ఫ్రిగేట్‌కి, డిస్ట్రాయర్‌కి తేడా ఏంటండీ? 2025 ఆగస్టులో మన విశాఖలోనే ఉదయగిరి, హిమగిరి చేరాయి కదా, వాటిని ఫ్రిగేట్లన్నారు.

▪ ఇప్పుడు గట్టి గీత లేదండి. ఫ్రిగేట్ అన్న మాట తెడ్లేసే చిన్న మధ్యధరా పడవతో మొదలై, తెరచాపల కాలంలో ఒకే అంతస్తులో ప్రధాన ఫిరంగులుండే వేగమైన ఓడకి వచ్చి, రెండో ప్రపంచయుద్ధంలో జలాంతర్గాముల్ని వేటాడే ఓడగా మళ్లీ బతికింది. ఉదయగిరి సుమారు 6,700 టన్నులు, అంటే డిస్ట్రాయర్‌కి దగ్గరే, ఏ దేశం నౌకాదళం ఏ పేరు పెడితే అదే.

నన్ను ఇంతకంటే ఎక్కువ ఇబ్బంది పెట్టేది ‘యుద్ధనౌక’. బ్యాటిల్‌షిప్‌కీ అదే రాస్తున్నాం, యుద్ధానికి పనికొచ్చే ప్రతి ఓడకీ అదే. బ్యాటిల్‌షిప్ అంటే వరసకట్టి ఎదురెదురుగా కాల్చుకునే పోరులో నిలవగలిగేంత గట్టి ఓడ, ఆ వరస నుంచే ఆ పేరొచ్చింది. దీనివల్ల ‘జపాన్ యమాటో ప్రపంచంలోకెల్లా పెద్ద యుద్ధనౌక’ అని రాస్తే తప్పయిపోతుంది, ఇప్పటి అమెరికా విమానవాహక నౌకలు దానికంటే పెద్దవి. బ్యాటిల్‌షిప్‌లలో పెద్దది అంటే మాత్రం నిజం. దీనికి ‘వరసనౌక’ అనొచ్చా, లేక ఇంకా మంచి మాట ఎవరి దగ్గరైనా ఉందా? ఉంటే కింద రాయండి.