సర్వర్‌లో బిల్డ్ సగంలో ఆగిపోతోంది, పైప్‌లైన్ పెడితే టెస్టులు ఫెయిల్. ఏం చేయాలి?

గుంటూరు కుర్రోడు:
అందరికీ నమస్కారం అండి. మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారుల లెక్కలకి చిన్న యాప్ నడుపుతున్నాం. ముందు రియాక్ట్, వెనక నోడ్, ఏడబ్ల్యూఎస్‌లో టీ3 మైక్రో అనే ఒక చిన్న క్లౌడ్ సర్వర్. ఇన్నాళ్లూ సర్వర్‌లోకి లాగినై గిట్ పుల్ కొట్టి (కొత్త కోడ్ దించుకుని) అక్కడే బిల్డ్ చేసేవాళ్లం, అంటే కోడ్‌ని నడిపే రూపంలోకి మార్చేవాళ్లం. ఈ మధ్య సగంలో "కిల్డ్" అని వచ్చి ఆగిపోతోంది, ఒక్కోసారి సైటే పడిపోతోంది, సీజన్లో ఇలా అయితే ఇక ఫోన్లు ఆగవు. గిట్‌హబ్ యాక్షన్స్ (కోడ్ పెట్టగానే టెస్టులు, బిల్డ్ వాటంతటవే నడిపే పైప్‌లైన్) పెట్టి చూస్తే నా విండోస్ ల్యాప్‌టాప్‌లో పాసయ్యే టెస్టులు రెండు అక్కడ ఫెయిల్. ఒకటి మాడ్యూల్ దొరకలేదంటోంది, ఇంకోటి రోజువారీ మొత్తం తప్పు చూపిస్తోంది.

బెజవాడ బాబాయ్:
తమ్ముడూ, టీ3 మైక్రోలో ఉన్నదే 1 జీబీ ర్యామ్. రియాక్ట్ బిల్డ్ అంతా మింగేస్తుంది, మెమరీ అయిపోగానే లినక్స్ ఏదో ఒక ప్రాసెస్‌ని చంపుతుంది, అది నీ బిల్డ్ కావచ్చు, నడుస్తున్న యాపే కావచ్చు. స్వాప్ (డిస్కులో కొంత భాగాన్ని ర్యామ్‌లా వాడడం) పెట్టుకోమంటారు కొందరు, గడుస్తుంది గానీ గిరాకీ టైంలో దుకాణానికి సున్నం వేసినట్టే ఉంటుంది. బిల్డ్ యాక్షన్స్‌లోనే చేసి, తయారైన ఫోల్డర్ మాత్రం సర్వర్‌కి పంపు. ప్రైవేట్ రిపోకి (బయటివాళ్లకి కనపడని కోడ్ ఖాతాకి) ఉచిత ప్లాన్‌లో నెలకి 2000 నిమిషాలు వస్తాయి, చిన్న టీముకి సరిపోతాయి.

మాడ్యూల్ సంగతి చాలామటుకు ఫైలు పేరే అయి ఉంటుంది. విండోస్‌కి క్యాపిటల్, స్మాల్ లెటర్ తేడా పట్టదు, యాక్షన్స్ పనులు నడిపే లినక్స్ మెషీన్‌కి, అదే రన్నర్‌కి, పడుతుంది. పేరు మార్చేటప్పుడు ఎక్స్‌ప్లోరర్‌లో కాకుండా గిట్ ఎంవీతో మార్చు, లేకపోతే గిట్ ఆ మార్పునే గుర్తించకపోవచ్చు.

మొత్తం తేడా రావడమే అసలు విషయం. రన్నర్ గడియారం యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం), మనకంటే 5:30 గంటలు వెనక. రాత్రి లారీ దిగి తెల్లవారుజామున 3కి ఎంట్రీ పడితే దాని లెక్కలో అది నిన్నటి సరుకు. టెస్టులో టైమ్‌జోన్ వేరియబుల్ పెట్టి నోరు మూయించకు. మీ సర్వర్‌లో డేట్ కమాండ్ కొట్టి చూడు ఒకసారి.

గుంటూరు కుర్రోడు:
కొట్టాను అన్నా, అక్కడా యూటీసీయే! ఒక వ్యాపారి తన తక్‌పట్టీలు (సరుకు అమ్మకం లెక్క చీటీలు) రోజు మారి పడుతున్నాయని ఎప్పటినుంచో అంటున్నాడు, ఆయనే లేటుగా ఎక్కించాడేమో అనుకున్నాం.

బెజవాడ బాబాయ్:
చూశావా, టెస్ట్ పట్టుకున్నది నిజమైన బగ్గే. టైమ్ యూటీసీలోనే దాచు, రోజు లెక్కగట్టే చోట మాత్రం ఏషియా కోల్‌కతా అని కోడ్‌లోనే స్పష్టంగా రాయి, గడియారం మీద ఆధారపడొద్దు. అన్నట్టు యాక్షన్స్‌లో రాత్రి పని షెడ్యూల్ చేసినా మామూలుగా అది యూటీసీయే, మన అర్ధరాత్రికి కావాలంటే సాయంత్రం 6:30 అని రాయాలి.

టెస్టింగ్ అక్క:
రెండు మాటలు నావి. టెస్టు, డిప్లాయ్ (సర్వర్‌కి పంపడం) వేరువేరు జాబులుగా పెడితే అవి పక్కపక్కనే పరిగెడతాయి, డిప్లాయ్ జాబులో "నీడ్స్" అని టెస్ట్ జాబు పేరు రాస్తేనే ఫెయిలైనప్పుడు ఆగుతుంది. చాలామంది ఇది వదిలేసి, టెస్టులు ఉన్నాయి కదా అని ధీమాగా ఉంటారు. ఇంకా, ఏడబ్ల్యూఎస్ యాక్సెస్ కీ తెచ్చి సీక్రెట్స్‌లో పెట్టకు. ఓఐడీసీ పద్ధతిలో (గిట్‌హబ్ ఇచ్చే గుర్తింపుని ఏడబ్ల్యూఎస్ నమ్మేలా) రోల్, అంటే పరిమితమైన అనుమతులు, ఇస్తే ప్రతి రన్‌కీ కాసేపు పనిచేసే తాత్కాలిక కీ వస్తుంది, ఆ రోల్‌ని మీ రిపో మెయిన్ బ్రాంచ్ వరకే కట్టేయి.

గుంటూరు కుర్రోడు:
థాంక్యూ అక్కా. మరి సర్వర్‌కి పంపడం ఎలా? రన్నర్ ఐపీలు మారుతుంటాయి కదా, 22 పోర్టు (బయటినుంచి సర్వర్‌లోకి లాగినయ్యే దారి) అందరికీ తెరవాలంటే భయంగా ఉంది. ఏడబ్ల్యూఎస్ వాళ్ల డిప్లాయ్ సర్వీసు కోడ్‌డిప్లాయ్ పెట్టాలా?

టెస్టింగ్ అక్క:
ఒక్క సర్వర్‌కి అంత అక్కర్లేదు. 22 మూసేసే ఉంచు. బిల్డ్ ఫోల్డర్‌ని ఎస్3లో (ఏడబ్ల్యూఎస్‌లో ఫైళ్లు దాచే చోటు) పెట్టి, పోర్టు తెరవకుండానే సర్వర్‌కి ఆదేశాలిచ్చే సిస్టమ్స్ మేనేజర్ రన్ కమాండ్‌తో సర్వర్ చేతే దించుకునేలా చెయ్. ప్రతి బిల్డ్‌కీ కమిట్ (గిట్‌లో సేవ్ చేసిన మార్పు) నంబరు పేరుతో వేరే ఫోల్డర్, "కరెంట్" అనే లింక్ కొత్తదాని వైపు తిప్పి యాప్ రీస్టార్ట్. తేడా వస్తే లింక్ వెనక్కి తిప్పితే పాతది వచ్చేస్తుంది.

బెజవాడ బాబాయ్:
కోడ్ వెనక్కి వస్తుంది గానీ డేటాబేస్ రాదమ్మా. కాలమ్ తీసేయాలంటే ముందు దాన్ని వాడని కోడ్ పంపి, అది నిలకడగా ఉందని తేలాక తర్వాతి రిలీజ్‌లో తీసెయ్ తమ్ముడూ. రెండూ ఒకేసారి పంపితే లింక్ తిప్పినా పాత కోడ్ లేవదు.